అరవై కాగితాలు

ఊరి పేరు చెప్పను. ముందే చెబుతున్నాను, తర్వాత అడగొద్దు. రేపల్లెలో రైలు దిగి ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో వచ్చే పల్లె, అంతవరకే. పార్టీల పేర్లు కూడా చెప్పను. నా దగ్గరున్న నమూనా బ్యాలెట్ కాగితం మీద పోటీలో గట్టిగా నిలిచిన గుర్తులు రెండూ ఒకదాని కింద ఒకటి ఉండేవి. కాబట్టి ఒకటి పై గుర్తు, ఇంకోటి కింది గుర్తు. మిగతా చిల్లర గుర్తులతో మనకు పని లేదు. ఇంత గుట్టు దేనికని మీరు విసుక్కుంటారని తెలుసు. నేనూ విసుక్కునేదాన్నే, మొన్న ఫిబ్రవరి దాకా.

ఫిబ్రవరి రెండో శనివారం, కాలేజీకి సెలవు. బాపట్లలో పొద్దున్నే రైలెక్కి తెనాలిలో మా గైడు జగన్నాథరావు గారింటికి వెళ్ళాను. ఎన్నికల లెక్కలు చదవడంలో ఆయన్ని మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. రిటైరై రెండేళ్ళయింది. ఆయన చేతికింద మిగిలిపోయిన ఆఖరి స్టూడెంటుని నేనే, కృపారాణిని. బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను, కాంట్రాక్టు మీద. నా పీహెచ్‌డీ మొదలై ఆరేళ్ళు. ఆ నెలాఖరే ఆఖరి గడువు. డాక్టరేటు లేకపోతే జూన్‌లో కాంట్రాక్టు రెన్యూ చెయ్యబోమని ప్రిన్సిపాల్ గారు ముఖం మీదే చెప్పేశారు.

నా పరిశోధన ఆడవాళ్ళ ఓటు మీద. ఇంట్లోవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ చెప్పినట్టు వేస్తారా, తమకి తోచినట్టు వేస్తారా అన్నది ప్రశ్న. పోయిన మే నెలలో పోలింగు అయిన మర్నాటి నుంచీ, లెక్కింపు రోజు రాకముందే, తెనాలిలో ఒక వార్డు, బాపట్లలో ఒక వార్డు, రేపల్లె దగ్గర ఈ పల్లె తిరిగాను. చోటుకి అరవై మంది ఆడవాళ్ళని ఓటర్ల జాబితాలోంచి వరసగా ఏరి, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాను. ప్రశ్నలన్నీ అయ్యాక నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, "నేను అటు తిరుగుతానండి. మీరు నిజంగా ఏ గుర్తుకేశారో దానిమీద టిక్కు పెట్టి, మడిచి ఈ పెట్టెలో వెయ్యండి" అనేదాన్ని. తర్వాత బూతుల వారీగా ఓట్ల లెక్క బయటికొస్తుంది. నా పెట్టెలో లెక్కా ఆ బూతు లెక్కా దగ్గర దగ్గరగా ఉంటే నా సర్వే నిలబడ్డట్టు.

తెనాలి నిలబడింది. బాపట్ల నిలబడింది. పల్లె మాత్రం నా కొంప ముంచింది. అక్కడి అరవై కాగితాల్లో యాభై ఎనిమిది పై గుర్తుకి, రెండు ఖాళీ. కింది గుర్తుకి ఒక్కటంటే ఒక్కటి లేదు. అదే పల్లె బూతులో పోలైన ఐదు వందల నలభై ఓట్లలో కింది గుర్తుకి పడ్డవి మూడు వందల తొంభై ఎనిమిది. మగవాళ్ళంతా కట్టగట్టుకుని కింది గుర్తుకి వేశారనుకున్నా ఈ లెక్క కుదరదు.

"ఈ ఊరు తీసెయ్యమ్మాయ్," అన్నారు మాస్టారు, ఆ పేజీ మీద ఎర్ర పెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి. "రెండు చోట్లు చాలు. పదిహేను రోజుల్లో టైపు చేయించి పట్రా, సంతకం పెడతాను."

"వాళ్ళు నాతో ఎందుకు అబద్ధం చెప్పారో తెలుసుకోకుండానా మాస్టారూ?"

"అబద్ధం కాదు, భయం కాదు, ఏమీ కాదు. శాంపిల్ చెడింది. అంతే. ఆడవాళ్ళు అబద్ధం చెప్పాలంటే కారణం ఉండాలి. మా ఇంట్లోనే చూడు, నలభై రెండేళ్ళుగా రెండు ఓట్లూ ఒకే గుర్తుకి. కావాలంటే అడుగు."

ఆయన భార్య విశాలాక్షి గారు కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతున్నారు. "అవునమ్మా, ఆయన చెప్పినదానికే," అని లోపలికి వెళ్ళిపోయారు.

నాకు కోపం తొందరగా వస్తుంది. అది నాకు తెలుసు, మా కాలేజీకి తెలుసు, మాస్టారికి మరీ బాగా తెలుసు. "తియ్యనండి," అన్నాను. "ఆరేళ్ళు ఆడవాళ్ళ ఓటు గురించి చదివి, అరవై మంది ఆడవాళ్ళు కలిసి ఒకే మాట చెబితే దాన్ని చెత్తబుట్టలో వేస్తే నేను చదివింది ఎందుకు? రేపు ఆదివారం వాళ్ళని అక్కడే అడుగుతాను."

"గడువు దాటితే నేనేం చెయ్యలేను," అన్నారాయన. ఆ మాట ఆయన కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది.

ఇంటికొచ్చి ఆ అరవై కాగితాల కట్ట విప్పాను. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ప్రతి కాగితం వెనక, కింద ఎడమ మూలన, పెన్సిలుతో చిన్న నంబరు ఉంటుంది. మాస్టారే పెట్టమన్నారు. ఆ నంబరు లేకపోతే ఏ వయసువాళ్ళు, ఎంత చదివినవాళ్ళు ఎటు వేశారో పట్టికలు కట్టలేం. ఎవరికీ కనపడనంత చిన్నగా రాశానని అప్పట్లో నాకు గర్వంగా ఉండేది. నంబరుకి ఎదురుగా పేర్లు వేరే జాబితాలో ఉన్నాయి. ఖాళీ కాగితాలు రెండూ తిప్పి చూశాను. పదిహేడు, నలభై రెండు. చెయ్యి ఊరుకోలేదు, జాబితా తీసి ఆ పేర్లు కూడా చూశాను. నలభై రెండో నంబరు కుసుమకుమారి అనే ఆవిడ. ఆ పల్లెలో చర్చి స్త్రీల సమాజానికి పెద్ద.

మా అమ్మ రిబ్కా, రిటైరైన లూథరన్ బడి టీచరు, గుమ్మంలో నిలబడి చూసింది. "ఆదివారం పూట వెళ్ళేదానివి ఒట్టి చేతుల్తో వాళ్ళ చర్చికి పోతావా?" అని ఒక గుడ్డసంచిలో బియ్యం పోసి ఇచ్చింది. మా ఇళ్ళల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అన్నానికి ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆడవాళ్ళు దాన్ని చర్చికి తెచ్చి ఒకే గోనెసంచిలో పోస్తారు. ఎవరిది ఎంతో ఎవరూ చూడరు, రాయరు.

మర్నాడు పల్లెలో దిగేసరికి ఆరాధన అయిపోవచ్చింది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు నేను తిన్నగా చర్చికి రాలేదు. ఊళ్ళో సర్పంచిగా చేసిన పెద్దాయన్ని అందరూ ఇప్పటికీ ప్రెసిడెంటు గారనే అంటారు, ముందు ఆయనింటికి వెళ్ళాను. ఏ సర్వేవాళ్ళు వచ్చినా, ఏ ఆఫీసరు వచ్చినా ముందు ఆ అరుగే ఎక్కుతారు. ఆయన చాలా మర్యాదస్థుడు. పల్లెకి వచ్చిన మూడు రోజులూ మధ్యాహ్నం ఆయనింట్లోనే భోజనం. మా అమ్మమ్మ కాలంలో మావాళ్ళని అలాంటి అరుగులు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, నేను లోపల టేబులు దగ్గర కూర్చుని తిన్నాను. అది చిన్న సంగతేం కాదు నాకు. కడుపు నిండినదానికంటే మనసు నిండిందని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను కూడా.

చర్చి బయట ఆడవాళ్ళు గోనెసంచిలో బియ్యం పోస్తున్నారు. మా అమ్మ ఇచ్చిన బియ్యం నేనూ పోశాను. కుసుమకుమారి గారు సంచి మూతి పట్టుకుని నిలబడ్డారు. యాభై అయిదేళ్ళుంటాయి. పొలం పనుల్లో అరిగిపోయిన వేళ్ళు, నన్ను చూడగానే నవ్విన కళ్ళు.

"వందనాలు మేడంగారూ. మళ్ళీ ఓట్లొచ్చినయ్యా ఏంటి?"

నేను చుట్టూ తిప్పి మాట్లాడే మనిషిని కాదు. "ఓట్లు రాలేదక్కా. మీరందరూ నాతో అబద్ధం చెప్పారు. ఎందుకో కనుక్కుందామని వచ్చాను."

ఆడవాళ్ళు పది పన్నెండు మంది చుట్టూ చేరారు. "ఆదివారం పూట చర్చి మెట్ల మీద నిలబెట్టి అంత మాటంటే ఎట్టాగండి?" అని ఒకావిడ. "మేం ఏసింది ఏశామనే చెప్పాం," అని ఇంకొకావిడ. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ఉద్యోగం పోతుందక్కా ఈ అబద్ధంతో! బూతు లెక్క నా దగ్గరుంది," అని గట్టిగానే అరిచాను.

కుసుమకుమారి గారు నవ్వు ఆపారు. "రాయని కాగితం ఒకటుందా మీకాడ?"

ఫైల్లో మిగిలినవి ఉన్నాయి. ఒకటి ఇచ్చాను.

"పెన్సిలు?"

పెన్సిలు తీసుకుని కాగితం వెనక్కి తిప్పారు. కింద, ఎడమ మూలన, చిన్నగా 'ఒకటి' అంకె వేశారు. సరిగ్గా అదే మూల.

"మీ ఓటు బాపట్లలో గదా. అక్కడా ఇయ్యే గుర్తులు. మీరు నిజంగా దేనికేశారో టిక్కు పెట్టి ఇయ్యండి. మేం అటు తిరుగుతాంలే," అన్నారు. అందరూ ఒక్కసారిగా వీపులు తిప్పారు. నేను వేసవిలో తిరిగినట్టే.

చర్చి మెట్టు మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. ఒక్క టిక్కు, అరక్షణం పని. కానీ ఆ మూలనున్న అంకె మీంచి నా చూపు కదల్లేదు. ఈ కాగితం ఎవరి చేతికి పోతుంది? వీళ్ళకి నచ్చని గుర్తయితే రేపు నాతో మాట్లాడతారా? మా కాలేజీ యాజమాన్యం చెవిన పడితే? పోనీ వీళ్ళకి నచ్చేదే పెడితే అది నా ఓటేనా? బ్యాలెట్ రహస్యం మీద నలభై పేజీల అధ్యాయం రాసినదాన్ని, పెన్సిలు కదపలేకపోయాను. సిగ్గుతో ముఖం కాలిపోయింది. చివరికి కాగితాన్ని అలాగే మడిచి ఇచ్చేశాను.

ఆవిడ విప్పి చూశారు. "మేడంగారిది కూడా తెల్లకాగితమేనర్రా!"

అందరూ పగలబడి నవ్వారు. వాళ్ళు నన్ను వెక్కిరించలేదు, వాళ్ళ గుంపులో కలుపుకున్నారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"నంబరు ఎప్పుడు చూశారక్కా?"

"మొదటి రోజు మొదటి ఇంట్లోనే. బియ్యంలో మట్టిబెడ్డలేరే కళ్ళండి మాయి. మధ్యాహ్నానికి పల్లెంతా తెలిసిపోయింది." ఆవిడ మెట్టు మీద నా పక్కన కూర్చున్నారు. "పోనీ నంబరుంటే ఉందిలే, మేడంగారు మనమ్మాయే గదా అనుకుందుం. కాగితాలున్న బ్యాగు మీరు ఏడ పెట్టారు? ప్రెసిడెంటు గారి అరుగు మీద. మీరు లోపల అన్నం తిన్నంతసేపూ అది బయటే ఉంది. మూడు రోజులూ చూశాం."

నిజమే. టేబులు దగ్గర కూర్చోబెట్టారన్న సంబరంలో బ్యాగు సంగతి నాకు గుర్తే లేదు.

"ఆయన చూశాడో లేదో మాకు తెలీదు. చూసుండడేమో, ఎవురికెరుక. మేం మాత్రం చూస్తాడనే అనుకున్నాం."

అప్పుడు మిగతాది చెప్పారు. నాట్లకీ కోతలకీ ఆడవాళ్ళు పదిహేను ఇరవై మంది కలిసి ఒక ముఠాగా పనికెళ్తారు. ఆ పల్లె ముఠాలకి ఏడాదిలో సగం పని ప్రెసిడెంటు గారి పొలాల్లోనే. పోలింగు రోజు సాయంత్రం ఆయన ముఠాల వారీగా పిలిచి, దేనికి వేశారని ఒక్కొక్కళ్ళనీ అడిగారు. ఆయనది పై గుర్తు. అందరూ దానికే వేశామన్నారు.

"బూతు లెక్క వచ్చాక ఆయనకి తెలిసిపోలేదా?"

"ఎందుకు తెలీదు? మూడొంతుల మంది ఎయ్యలేదని తెలుసు. ఎవరో తెలీదు. ఎవర్ని పనికి రావొద్దంటాడు? అందర్నీ మానిపిస్తే ఆయన నాట్లు ఎవరేస్తారు? ఒక్క పేరు దొరికిందనుకోండి, ఆ ఒక్కదాన్ని మానిపిస్తాడు. తర్వాత ఇంకొకదాన్ని. అందుకని అందరిదీ ఒకటే మాట. నిజంగా ఆయన గుర్తుకేసినోళ్ళదీ అదే మాట. ఎవరిది నిజమో మాలో మాకే తెలీదు. ఒకళ్ళనొకళ్ళం అడగం."

ఆవిడ నా వైపు తిరిగారు. "ఆ అరవైలో తెల్లకాగితాలు రెండు ఉండాలే. అబద్ధానికి టిక్కు పెట్టటానికి ఇద్దరికి చెయ్యి రాలేదు. అయి ఎవరియ్యో చూశారా మీరు?"

అబద్ధం చెప్పాలనిపించింది. "చూశాను," అన్నాను.

"మీరు మంచోరు. మీరే ఆగలేకపోయారు," అన్నారు నలభై రెండో నంబరు కుసుమకుమారి గారు, నిష్ఠూరమేం లేకుండా.

ఆ మాట విన్నాక నాకు శాంపిల్ గురించి ఇక అనుమానం లేదు. తప్పు నాది. వాళ్ళు ఆ తప్పు నుంచి తమని తాము కాపాడుకున్నారు. ఆ యాభై ఎనిమిది మందిలో ఒక్కరు నన్ను నమ్మి నిజం రాసి ఉంటే ఆ ఒక్కరికే పని పోయి ఉండేది. గడువు ఇరవై రోజులుంది. ఊరు తీసెయ్యడానికి అది చాలా ఎక్కువ, మళ్ళీ మొదలెట్టడానికి తక్కువ. మళ్ళీ మొదలెడదామనే నిశ్చయించుకున్నాను.

"నంబరు లేకుండా మళ్ళీ వేస్తారా అక్కా?"

"నంబరు లేదని మీరంటే సరిపోద్దా?" ఆవిడ గోనెసంచి వైపు చూపించారు. "మీ అమ్మగారు పంపిన బియ్యం ఇందాక అందులో పోశారుగా. ఇప్పుడు అందులోంచి మీ బియ్యం తియ్యగలరా?"

"లేదక్కా."

"అట్టా అయితే ఏస్తాం. కాగితం ఇంటికి పట్టుకెళ్ళి టిక్కు పెట్టి, పిడికెడు బియ్యంలో పెట్టుకొచ్చి సంచిలో పోస్తాం. ఇంకో రెండు సంగతులు. ఆ పాత కాగితాలు ఇప్పుడే, ఇక్కడే తగలబెట్టాలి. ఈసారి మీ కాగితం కూడా మావాటితో పాటు పడాలి. మేం చెప్పి మీరు చెప్పకపోతే ఎట్టా?"

మాస్టారికి ఫోన్ చేశాను. ఫోన్‌లోనే ఆయన కేకకి పక్కనున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "అసలు రికార్డు తగలబెడతావా? మతి పోయిందా? దాచి తీరాలని రూలు! నంబర్లు పోతే పట్టికలు పోతాయి, నీ ఐదో అధ్యాయం మొత్తం పోతుంది. వాళ్ళు వారం తర్వాత రాకపోతే? ఉన్నదీ పోయి, రావాల్సిందీ రాక... నేను సంతకం పెట్టను, చెబుతున్నాను."

"ఈ కాగితాల మూలంగా ఒక్క మనిషికి పని పోతే మీరు చూస్తారా, నేను చూస్తానా మాస్టారూ?" అని పెట్టేశాను.

చర్చి వెనక టీ కాచే పొయ్యిలో అరవై కాగితాలూ, వాటి పక్కనే నంబర్ల జాబితా వేశాను. ఆరేళ్ళలో మూడో వంతు పని ఐదు నిమిషాల్లో బూడిదైంది. ల్యాప్‌టాప్‌లో ఇంకో జాబితా ఉందని వాళ్ళకి తెలీదు, అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అది కూడా నేనే చెరిపేశాను. అప్పుడు అమ్మకి అంతా చెప్పాను. "బడిలో ఇన్నేళ్ళు నేర్పినా నీకు రాని పాఠం వాళ్ళు ఒక్క పూటలో నేర్పారు," అంది. ఊరడించడం మా అమ్మకి రాదు.

ఆ వారం నిద్ర సరిగా పట్టలేదు. తర్వాతి ఆదివారం జెరాక్స్ షాపులో కత్తిరించిన అరవై కాగితాలు ఆరాధనకి ముందే కుసుమకుమారి గారి చేతిలో పెట్టాను. వెనక మూలలు నాలుగూ ఆవిడ వెలుతురుకి పట్టి మరీ చూశారు. వెనకటి అరవై మంది ఎవరో వాళ్ళకి వాళ్ళకే గుర్తుంది. మధ్యాహ్నం మూడింటికి రమ్మని చెప్పారు.

మూడయింది. చర్చిలో గోనెసంచి దగ్గర నేనూ ఆవిడా తప్ప ఎవరూ లేరు. మూడుంబావు. ఉద్యోగం పోతే ఏ ట్యూషన్లు చెప్పుకోవాలా అని లెక్కలు వేస్తున్నాను. అప్పుడొచ్చారు మొదటి నలుగురు, కొంగు చాటున డబ్బాలు పట్టుకుని. ఆ వెనక ఇంకో పదిమంది. సంచిలో బియ్యం పడుతున్న చప్పుడు వింటూ ఉంటే నా ప్రాణం లేచొచ్చింది.

సగం మంది పోశారో లేదో, బయట మోటారు సైకిలు ఆగింది. ప్రెసిడెంటు గారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"ఏమ్మా, ఊళ్ళోకొచ్చి ఇంటికి రాలేదేంటి? భోజనం టైముకి చూశాం. మళ్ళీ ఏవన్నా సర్వేనా?"

"వందనాలండి. ఆదివారం కదండి, చర్చికొచ్చాను," అన్నాను.

"మరి వీళ్ళేంటి, ఈయాళ సాయంత్రం కూడానా బియ్యం?"

"ఈ వారం కాస్త ఎక్కువొచ్చినయ్యండి," అన్నారు కుసుమకుమారి గారు సంచి మూతి వెడల్పు చేసి పట్టుకుంటూ. "కానియ్యండమ్మా, ఆగారేంటి?"

ఒక్కరూ ఆగలేదు. ఆయన అక్కడే నిలబడి ఉండగా, ఆయన కళ్ళెదురుగా, ఒకరి వెనక ఒకరు వచ్చి డబ్బాలు వంచి పోశారు. బియ్యంతో పాటు మడిచిన కాగితాలు జారిపోతున్నాయని నాకు తెలుసు కాబట్టి కనిపిస్తున్నాయి. ఆయనకి బియ్యమే కనపడ్డాయి. "పాస్టరు గారి అదృష్టం," అని నవ్వి, మళ్ళీ వచ్చేప్పుడు ఇంటికి రమ్మని మరీ మరీ చెప్పి వెళ్ళిపోయారు. మోటారు సైకిలు చప్పుడు దూరమయ్యేదాకా పోస్తూనే ఉన్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఆ నవ్వు ఆగలేదు.

చివర్న నేనూ పోశాను. మా అమ్మ ఇచ్చిన బియ్యం, అందులో నా కాగితం. రాసేటప్పుడు ఈసారి పెన్సిలు కదిలింది.

తలుపు వేసి చాపల మీద బియ్యం కుమ్మరించి చేటలతో వెతికాం. అరవై ఒక్క కాగితాలు. కింది గుర్తుకి నలభై అయిదు, పై గుర్తుకి పదహారు. తెల్లకాగితం ఒక్కటీ లేదు. బూతు లెక్క తెలుసు కాబట్టి మనసులోనే శాతం కట్టి చూసుకున్నాను. దాదాపు అదే. కుసుమకుమారి గారిని కావలించుకుని ఏడ్చేశాను. "రాసుకోండి మేడంగారూ. ఊరి పేరు మాత్రం వద్దు. మిగతాదంతా రాయండి, వేరే ఊళ్ళో ఆడోళ్ళకి పనికొస్తది," అన్నారావిడ నా వీపు నిమురుతూ.

పది రోజులు కూర్చుని ఐదో అధ్యాయం మళ్ళీ రాశాను. పట్టికలు పోయాయి. వాటి బదులు నా నంబరు, నా బ్యాగు, ఆ అరుగు, పొయ్యి, అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి ఇరవై ఆరున తెనాలి వెళ్ళి మాస్టారి ముందు పెట్టాను. పలకరింపు లేదు. ఎర్ర పెన్సిలు పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు చదివారు. పెన్సిలు ఎక్కడా గీత పెట్టలేదు, పొయ్యి సంగతి దగ్గర మాత్రం ఆగింది.

"తగలబెట్టానని కూడా రాశావే."

"రాశానండి."

"హూఁ." మరో పేజీ తిప్పారు. "ఇదేంటి, అరవై ఒకటి? శాంపిల్ అరవై కదా."

"ఒకటి నాదండి. అది వాళ్ళ షరతు."

"అయితే తీసెయ్యాలి. నువ్వు ఆ బూతు ఓటరువి కావు. లెక్క తప్పు."

"ఏది నాదో తెలీదండి. బియ్యంలో కలిసిపోయింది."

"నువ్వు ఏ గుర్తుకేశావో నీకు తెలుసుగా! ఆ వరసలోంచి ఒకటి తీసేద్దాం, అరవై అవుతుంది. ఏదో చెప్పు."

"చెప్పనండి."

"నేను నీ గైడునమ్మాయ్!"

"తెలుసండి మాస్టారూ. సంతకం పెట్టకపోయినా సరే, చెప్పను." నా గొంతు నాకే వింతగా వినిపించింది. అందులో కోపం లేదు.

కాఫీ గ్లాసులతో వచ్చిన విశాలాక్షి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఆ పిల్లని వదిలెయ్యండి. నలభై రెండేళ్ళుగా మీరు నన్ను అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. ఆ లెక్క ఏ బూతుతో సరిచూసుకున్నారు మీరు?"

మాస్టారు తలెత్తి ఆవిడని చూశారు.

"పోయిన మేలో ఎవరికేశావు విశాలం?"

"మీరు చెప్పినదానికేనండి," అన్నారావిడ. పల్లెలో యాభై ఎనిమిది మంది నాతో చెప్పినప్పుడు కూడా అంతే నిబ్బరం. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మాస్టారు ఎర్ర పెన్సిలు పక్కన పెట్టారు. నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, అరవై ఒకటి అన్న అంకెని అలాగే వదిలేసి, సంతకం పెట్టారు.